వగరు వేరు, చేదు వేరు: వైట్ టీ, గ్రీన్ టీ మీద మీ ప్రశ్నలు

పోయిన నెల ఇదే పేజీలో పాలు పోయని ఛాయ్ గురించి నాలుగు మాటలు రాశాను. దానికి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా వైట్ టీ, గ్రీన్ టీ గురించే ఉన్నాయి. అందుకే ఈ నెల పేజీ మొత్తం వాటికే. కొత్తగా చదువుతున్నవాళ్లకు నా సంగతి ఒక్క ముక్కలో చెప్తాను. మాది పరకాల. మా వారి ఉద్యోగం నీలగిరుల్లో, వెల్లింగ్టన్‌లో. ఆ పక్కనే కూనూరులో ఒక తేయాకు బ్రోకర్ల ఆఫీసులో లెక్కలు రాయడానికి చేరాను. తర్వాత టేస్టింగ్ గదిలోకి మారి 19 ఏళ్లు పనిచేశాను. ఇప్పుడు హన్మకొండలో, వడ్డేపల్లి చెరువు దగ్గర ఉంటున్నాం.

ప్రశ్న: మా అమ్మాయి బెంగళూరు నుంచి రెండు డబ్బాలు తెచ్చింది. ఒకటి సిల్వర్ నీడిల్ వైట్ టీ, ఇంకొకటి గుండ్రటి గింజల్లా ఉండే గన్‌పౌడర్ గ్రీన్ టీ. నీళ్లు బాగా మరగబెట్టి, చెంచాడు చొప్పున వేసి, మూతపెట్టి ఐదు నిమిషాలు ఉంచాను. గ్రీన్ టీ నోట్లో పెట్టలేనంత చేదు. వైట్ టీ వట్టి వేడినీళ్లలా ఉంది. అంత డబ్బు పోసి కొన్నది పారబోయాలంటే ప్రాణం ఒప్పడం లేదు. తప్పు ఆకుదా, నాదా? (ఓ పాఠకురాలు, హన్మకొండ)

పారబోయకండి. రెండు ఆకులూ మంచివే అయ్యుంటాయి. తేడా వచ్చింది చెంచా దగ్గర, నీళ్ల వేడి దగ్గర.

ముందు చెంచా సంగతి. సిల్వర్ నీడిల్ అంటే పూర్తిగా విచ్చుకోని మొగ్గలు. ఒంటినిండా తెల్లటి నూగుతో, దూదిలా గుల్లగా ఉంటాయి. గన్‌పౌడర్ అంటే ఆకును గట్టిగా చుట్టి ఉండలు చేసింది. మీ ఉత్తరం చదివాక మా ఇంట్లో ఉన్న ఆ రెండు రకాలనూ ఒకే చెంచాతో తీసి, కంసాలి వాడేలాంటి చిన్న డిజిటల్ కాటా మీద పెట్టాను. మొగ్గలు ఒక గ్రాము కూడా తూగలేదు. ఉండలు మూడు గ్రాములు దాటాయి. అంటే మీరు ఒకదానికి మూడింతల ఆకు వేసి, రెండోదానికి చిటికెడు వేసి, రెంటినీ పోల్చారు. ఆ కాటా ఒకటి కొనుక్కోండి. దానికయ్యే ఖర్చు మీ డబ్బాలతో పోలిస్తే చాలా తక్కువ. ఇకనుంచి ఏ ఆకైనా 100 మిల్లీలీటర్ల నీళ్లకు 2 గ్రాములు వేయండి. కాటా లేనన్నాళ్లు వైట్ టీని పిడికిట్లో సగం పట్టేంత, గన్‌పౌడర్‌ను చెంచాలో సగానికి కాస్త పైన వేసుకోండి.

ఇక వేడి సంగతి. వైట్ టీ, గ్రీన్ టీ, మనం పాలల్లో మరిగించే ఛాయ్ పత్తి, అన్నీ ఒకే మొక్క ఆకులు. తేడా అంతా కోసిన తర్వాత చేసే పనిలో ఉంది. వంకాయ కోసి పక్కన పెడితే ముక్కలు నల్లబడతాయి కదా. ఆకులోనూ అదే జరుగుతుంది. నలిగిన చోట గాలి తగిలి, లోపలి ఎంజైమ్ పనిచేసి రంగు మారుతుంది. పూర్తిగా మారనిస్తే బ్లాక్ టీ. గ్రీన్ టీ చేసేవాళ్లు ఆకు కోసిన కొద్ది గంటల్లోనే వేడి తగిలించి ఆ ఎంజైమ్‌ను ఆపేస్తారు. చైనాలో ఎక్కువగా పెద్ద పెనాల మీద వేయిస్తారు, జపాన్‌లో ఆవిరి పడతారు. వైట్ టీకి ఈ రెండూ లేవు. చైనాలో ఫూజియన్ రాష్ట్రంలోని ఫూడింగ్, జెంగ్‌హే దీనికి పుట్టిళ్లు. అక్కడ మొగ్గల్ని వెదురు చాటల మీద పలచగా పరిచి రెండు మూడు రోజుల దాకా వాడనిచ్చి, తర్వాత సన్న వేడి మీద ఆరబెడతారు. వేయించరు, నలపరు, చుట్టరు. ఆ వాడే సమయంలో ఆకు తనంతట తాను కొంచెం మారుతుంది. వైట్ టీలో ఉండే ఆ నెమ్మదైన తీపి అక్కడ వచ్చిందే.

ఇప్పుడు మీ కప్పులో ఏం జరిగిందో చూడండి. చుట్టిన ఆకు లోపల కణాలు అప్పటికే చిట్లి ఉంటాయి. మరిగే నీళ్లు పడగానే చేదు, వగరు ఇచ్చే కాటెచిన్లు బిలబిలా దిగిపోతాయి. నలగని మొగ్గ మాత్రం తన రుచిని తొందరగా వదలదు. దానికి కాస్త ఎక్కువ వేడి, ఎక్కువ సమయం కావాలి. గ్రీన్ టీకి 75 నుంచి 80 డిగ్రీలు, రెండు నిమిషాలు. వైట్ టీకి 85 దగ్గర, ఐదు నిమిషాలు. థర్మామీటర్ లేకపోతే, మరిగిన నీళ్లను ఒక పింగాణీ కప్పులో పోయండి, అక్కడినుంచి ఇంకో కప్పులోకి మార్చండి. చల్లటి కప్పులోకి మార్చిన ప్రతిసారీ సుమారు 10 డిగ్రీలు దిగుతుంది. వైట్ టీకి ఒక మార్పు, గ్రీన్ టీకి రెండు. ఎండాకాలంలో మన కప్పులే గోరువెచ్చగా ఉంటాయి కాబట్టి ఇంకో నిమిషం ఆగండి.

పోల్చి చూడాలనుకున్న రోజు మాత్రం రెంటికీ ఒకే వేడి, ఒకే సమయం పెట్టాలి. 80 డిగ్రీలు, మూడు నిమిషాలు. లేకపోతే మీరు పోలుస్తున్నది ఆకునా, నీళ్లనా అన్నది తెలియదు. లోపల తెల్లగా ఉండే కప్పులు తీసుకోండి, స్టీలు గ్లాసులో రంగు కనబడదు. పొద్దున టిఫిన్ కంటే ముందు కూర్చోండి. సర్వపిండి తిన్న నోటికి వెల్లుల్లి తప్ప ఇంకేదీ దొరకదు.

మొన్న ఆదివారం మా వదినతో కలిసి మూడు కప్పులు పెట్టాను: ఫూడింగ్ సిల్వర్ నీడిల్, నీలగిరి గ్రీన్ టీ, సెంచా అనే జపాన్ గ్రీన్ టీ. నీళ్లు వంపాక తడి ఆకును మూత మీదికి బోర్లించి ముందు వాసన చూశాం. ఇది కూనూరులో నాకు మొట్టమొదట నేర్పిన పని. కప్పు దాచినది తడి ఆకు చెప్పేస్తుంది అనేవారు మా పెద్దసారు. వైట్ టీ ఆకులో కర్బూజ తొక్క వాసన, దాని వెనక ఎండ పడ్డ గడ్డివాము వాసన ఉన్నాయి. నీలగిరి ఆకులో ఉడికించిన పచ్చి పల్లీలు, పైన ఏదో తెల్లటి పువ్వు. సెంచా మూత తీయగానే మా వదిన "ఉడకబెట్టిన మక్క కంకి" అంది. నాకు తోటకూర కూడా తగిలింది. రంగు చూస్తే వైట్ టీ కొబ్బరినీళ్లకన్నా కాస్త పసుపు, నీలగిరిది లేత బంగారు, సెంచా నిండు ఆకుపచ్చ.

తాగేటప్పుడు జుర్రుమని గాలితో కలిపి పీల్చండి. పాతరోజుల్లో పెద్దవాళ్లు సాసర్‌లో పోసుకుని జుర్రేవాళ్లే, అలాగన్నమాట. గాలితో వెళ్తేనే వాసన గొంతు వెనకనుంచి ముక్కుకు ఎక్కుతుంది. వైట్ టీ నాలుక మీద ఉన్నప్పుడు ఏమీ అనిపించలేదు. మింగాక లెక్కపెట్టి పది సెకన్లకు గొంతులో తాటిముంజ నీళ్ల తీపి వచ్చింది, చాలాసేపు నిలిచింది. మీకు "వట్టి వేడినీళ్లు" అనిపించింది ఆకు తక్కువై మాత్రమే కాదు. పాలు, చక్కెర, అల్లం ఉన్న ఛాయ్ మొదటి గుక్కలోనే తనేమిటో చెప్పేస్తుంది. మన నాలుక దానికి అలవాటు పడింది. వైట్ టీకి మింగిన తర్వాత ఆగాలి.

ఇంకొక మాట. టేస్టింగ్ గదిలో మేం ఇలా చేసేవాళ్లం కాదు. ఐఎస్ఓ 3103 అని ఒక అంతర్జాతీయ ప్రమాణం ఉంది. 100 మిల్లీలీటర్లకు 2 గ్రాములు, మరిగే నీళ్లు, 6 నిమిషాలు. అంత కఠినంగా పెడితేనే ఆకులో ఉన్న దోషం బయటపడుతుంది. మీరు ఇంట్లో తెలియకుండా పెట్టింది దాదాపు ఆ పరీక్షే. అది సరుకును పట్టి చూడడానికి, తాగడానికి కాదు.

ప్రశ్న: నేను హోటల్ మేనేజ్‌మెంట్ చదువుతున్నాను. గ్రీన్ టీ గురించి రాసేటప్పుడు అందరూ "చేదు" అనే అంటారు. మీరు పోయినసారి వగరు అన్నారు. రెండూ ఒకటి కాదా? (ఓ విద్యార్థి, ములుగు)

నాయనా, ఈ ప్రశ్న అడిగినందుకు నాకు చాలా సంతోషంగా ఉంది. కూనూరులో ఇంగ్లీషులో నోట్స్ రాసే కొత్తవాళ్లు ఈ రెంటినీ కలిపేసి తిట్లు తినేవాళ్లు. నాకు ఆ ఇబ్బంది రాలేదు. ఉగాది పచ్చడి తిని పెరిగినవాళ్లకు చేదుకు వేపపువ్వు, వగరుకు మామిడి పిందె, వేరువేరుగా చిన్నప్పుడే నాలుక మీద పెట్టేశారు.

చేదు ఒక రుచి. నాలుక మీద తెలుస్తుంది, మింగినా కాసేపు అక్కడే ఉంటుంది. వగరు మాత్రం తాకిడి లాంటిది. మన లాలాజలంలో ప్రొటీన్లు ఉంటాయి. నోరు నున్నగా ఉండేది వాటివల్లనే. ఆకులోని కాటెచిన్లు వాటిని పట్టుకుని ముద్ద చేస్తాయి. అప్పుడు బుగ్గల లోపల, చిగుళ్ల మీద గరుకుగా, బిగుసుకున్నట్టు ఉంటుంది. మీ ములుగు అడవుల్లో పండని తునికికాయ కొరికి చూడు, నేను చెప్పేది ఒక్క క్షణంలో అర్థమవుతుంది. జామ పిందె, నేరేడు, కరక్కాయ, అన్నీ ఆ కోవలోవే. పచ్చి తోలును పదును చేయడానికి మన దగ్గర తంగేడు పట్ట వాడేవాళ్లు. తోలులోని ప్రొటీన్‌ను తంగేడు పట్టలోని టానిన్ అనే వగరు పదార్థం పట్టేస్తుంది కాబట్టి అది కుళ్లకుండా గట్టిపడుతుంది. కప్పులో జరిగేది దానికి చాలా చిన్న రూపం.

ఇప్పుడు రుచి చూడడంలో దీని ఉపయోగం ఏమిటో చెప్తాను. మంచి గ్రీన్ టీలో కొంచెం వగరు ఉండాలి. అది లేకపోతే కప్పు చప్పగా ఉంటుంది. ఆ వగరు రెండు మూడు క్షణాల్లో కరిగిపోయి నోట్లో నీరూరితే ఆకు మంచిది. బుగ్గలు పట్టేసి అలాగే ఉండిపోతే ఆకు ముదురుదో, నీళ్ల వేడి ఎక్కువో. వైట్ టీలో వగరు చాలా పలచన, కీరదోస తొక్కంత.

దీనికి తోడు ఆరు రుచుల్లోనూ పట్టని ఇంకొకటి ఉంది. జపాన్ వాళ్లు ఉమామి అంటారు. పెసరకట్టులో, పుట్టగొడుగుల కూరలో నోరంతా నిండినట్టు ఉండే ఆ రుచి. తేయాకులో అది థియానిన్ అనే అమైనో ఆమ్లం వల్ల వస్తుంది. ఎండ పడితే మొక్క థియానిన్‌ను కాటెచిన్లుగా మార్చుకుంటుంది. అందుకే జపాన్‌లో గ్యోకురో అనే రకానికి కోతకు సుమారు మూడు వారాల ముందు తోట మీద పందిరి వేసి నీడ చేస్తారు. ఆ ఆకును 50, 60 డిగ్రీల నీళ్లలో పెడితే కప్పు పులుసులా చిక్కగా అనిపిస్తుంది. నోట్స్ రాసేటప్పుడు ఇంగ్లీషు పుస్తకాల్లోని "చెస్ట్‌నట్", "హనీడ్యూ" అనే మాటలు ఎత్తి రాయకు. నువ్వు తినని పండు పేరు రాస్తే రేపు నీకే గుర్తుండదు. లాంగ్‌జింగ్ అనే చైనా గ్రీన్ టీ ఆకు వాసన చూసి నేను నా పుస్తకంలో "వేడి పుట్నాలు" అని రాసుకున్నాను. ఇన్నేళ్లయినా ఆ రెండు మాటలు చదివితే ఆ కప్పు మళ్లీ నోట్లోకి వస్తుంది.

ప్రశ్న: వైట్ టీలో కెఫీన్ దాదాపు ఉండదంటారు. రాత్రి భోజనం తర్వాత తాగవచ్చా? (రిటైర్డ్ రైల్వే ఉద్యోగి, కాజీపేట)

వద్దండీ. అది తప్పుడు ప్రచారం. తేయాకు మొక్క లేత భాగాల్లోనే కెఫీన్ ఎక్కువ పెట్టుకుంటుంది. సిల్వర్ నీడిల్ మొత్తం లేత మొగ్గే. రంగు లేతగా ఉంది కదా అని కెఫీన్ తక్కువనుకోకూడదు. కప్పులోకి ఎంత దిగుతుందనేది ఎంత ఆకు వేశారు, ఎంత వేడి, ఎంతసేపు అన్నదాని మీద ఉంటుంది. మీకు నిద్ర పట్టడం కష్టమైతే సాయంత్రం నాలుగు దాటాక ఏ తేయాకూ వద్దు.

ప్రశ్న: మా బోరు నీళ్లతో గ్రీన్ టీ పెడితే పైన నూనె తెట్టులాంటి పొర, రంగు గోధుమ. అదే డబ్బా ఆకు మా అన్న ఇంట్లో ఆకుపచ్చగా, మంచిగా వస్తోంది. కల్తీ ఆకా? (ఓ పాఠకుడు, జనగామ)

ఒకే డబ్బా అని మీరే రాశారు కదా, కల్తీ కాదు. మీ నీళ్లలో సున్నం ఎక్కువ. నీళ్లలోని కాల్షియం, బైకార్బొనేట్లు ఆకులోని పాలిఫెనాల్స్‌తో (పైన చెప్పిన కాటెచిన్లు ఈ జాతివే) కలిసి ఆ పొర కడతాయి. రంగు మబ్బుగా మారేదీ, వాసన చచ్చిపోయేదీ వాటివల్లనే. మా చెల్లె ఇంటికి పరకాల వెళ్లినప్పుడు నాకూ ఇదే అనుభవం. ఇక్కడినుంచి తీసుకెళ్లిన డార్జిలింగ్ వైట్ టీ అక్కడి బోరు నీళ్లలో బియ్యం కడిగిన నీళ్లలా వచ్చింది. నాకు ఆ రోజు నిజంగా బాధేసింది, చెల్లెకు మంచిది రుచి చూపించాలని తీసుకెళ్లింది అది. మర్నాడు మిషన్ భగీరథ నల్లా నీళ్లతో పెట్టాను. పూర్తిగా కాకపోయినా చాలావరకు బాగుపడింది.

మీకు నల్లా లేకపోతే ఒక పని చేయండి. బోరు నీళ్లను రాత్రి పది నిమిషాలు మరగబెట్టి మూతపెట్టి వదిలేయండి. పొద్దునకు గిన్నె అడుగున తెల్లటి పొడి పేరుకుంటుంది. కదపకుండా పై నీళ్లు వంపుకుని, వాటిని మళ్లీ వేడిచేసి వాడండి. బైకార్బొనేట్ వల్ల వచ్చిన కఠినత్వం చాలావరకు పోతుంది. ఆర్‌ఓ మిషన్ ఉంటే ఆ నీళ్లు వాడొచ్చు కానీ, వట్టి ఆర్‌ఓ నీళ్లలో కప్పు పలచగా, కోసినట్టు ఉంటుంది. నేను సగం ఆర్‌ఓ, సగం నల్లా కలుపుతాను.

ఫ్లోరైడ్ ఉన్న ఊళ్లవాళ్లు ఇంకో జాగ్రత్త పడాలి. తేయాకు మొక్క నేలలోంచి ఫ్లోరైడ్ లాగి ముదురు ఆకుల్లో దాచుకుంటుంది. మొగ్గల్లో, లేత ఆకుల్లో అది తక్కువ. అలాంటి చోట ముదురు ఆకుతో చేసిన చవక గ్రీన్ టీ రోజుకు నాలుగైదు కప్పులు తాగడం మంచిది కాదు. మరగబెడితే ఫ్లోరైడ్ పోదు, ఆర్‌ఓతో తగ్గుతుంది.

ప్రశ్న: గ్రీన్ టీ తాగితే పొట్ట తగ్గుతుందని మా కోడలు పొద్దున పరగడుపున, భోజనం కాగానే కూడా తాగుతోంది. ఆమెకు రక్తం తక్కువ అని డాక్టర్ చెప్పారు. ఫరవాలేదా? (ఓ పాఠకురాలు, కరీంనగర్)

అమ్మా, ఫరవా ఉంది. కోడలికి నా మాటగా చెప్పండి. ఆకుకూరల్లో, పప్పుల్లో ఉండే ఇనుమును తేయాకులోని పాలిఫెనాల్స్ పట్టేస్తాయి, ఒంటికి అందనివ్వవు. మన హైదరాబాద్‌లోనే ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన ఆహార సూచనల్లో భోజనానికి గంట ముందు, గంట తర్వాత దాకా టీ, కాఫీ తాగవద్దని చెప్పింది. రక్తం తక్కువ ఉన్నవాళ్లకు ఇది ఇంకా ముఖ్యం. ఐరన్ మాత్ర టీతో అసలు వేసుకోకూడదు. పరగడుపున తాగితే చాలామందికి కడుపులో తిప్పుతుంది. ఉదయం టిఫిన్‌కు, మధ్యాహ్నం భోజనానికి మధ్యలో ఒక కప్పు తాగమనండి, చాలు.

పొట్ట సంగతి అంటారా, పాలు చక్కెర వేసిన ఛాయ్ మూడు పూటలు మానేసి ఇది తాగితే ఆ చక్కెర తగ్గినంత మేలు ఉంటుంది. ఆకు ఒక్కటే పొట్ట కరిగిస్తుందని నేను నమ్మను. గ్రీన్ టీ ఎక్స్‌ట్రాక్ట్ అని అమ్మే క్యాప్సూళ్ల జోలికి మాత్రం వెళ్లనివ్వకండి. ఈజీసీజీ అనే కాటెచిన్‌ను మాత్రల రూపంలో రోజుకు 800 మిల్లీగ్రాములు, ఆపైన తీసుకుంటే కాలేయానికి ఇబ్బంది రావచ్చని యూరప్ ఆహార భద్రతా సంస్థ 2018లో హెచ్చరించింది. కప్పులో తాగడం వేరు, గుప్పెడు మాత్రలు మింగడం వేరు.

ప్రశ్న: వైట్ టీలో పాలు పోసుకోవచ్చా? (పెద్దపల్లి)

పోయకండి. పాల ప్రొటీన్లు, కొవ్వు కలిసి ఆ సన్నని వాసనను కప్పేస్తాయి. పాలు కావాలనుకున్నప్పుడు మంచిగా అల్లం దంచి మామూలు ఛాయ్ పెట్టుకోండి, నేనూ సాయంత్రం అదే తాగుతాను.

ప్రశ్న: వైట్ టీ ఎంత పాతబడితే అంత మంచిదట కదా. గ్రీన్ టీ కూడా దాచవచ్చా? మా దగ్గర ఎండలు మీకు తెలుసు. (ఓ పాఠకుడు, నిజామాబాద్)

గ్రీన్ టీ దాచే వస్తువు కాదు. కోసిన ఏడాదిలోపు తాగేయాలి, డబ్బా విప్పాక రెండు మూడు నెలల్లో అయిపోవాలి. పాతబడితే ఆకుపచ్చ పోయి, ఎండుటాకు వాసన వస్తుంది. వైట్ టీ సంగతి వేరు. ఫూడింగ్‌లో "ఏడాదికి టీ, మూడేళ్లకు మందు, ఏడేళ్లకు నిధి" అనే నానుడి ఉంది. నిజంగానే ముదురు ఆకుతో చేసే షౌమెయి లాంటి రకాలు ఏళ్లు గడిచేకొద్దీ మారతాయి. నేను ఒకసారి బాగా నిలవ ఉన్న షౌమెయి తాగాను. ఖర్జూరం, ఎండబెట్టిన ఇప్పపువ్వు గుర్తొచ్చాయి. అయితే మందు అన్న మాటను నానుడిగానే తీసుకోండి. అది నిలవ ఉంచే గది కూడా పొడిగా, వాసనలు లేకుండా ఉండాలి. మన మేలో 44 డిగ్రీలు, ఆ వెంటనే జూన్‌లో చెమ్మ. ఇంట్లో ఏడేళ్లు దాచే ప్రయత్నం చేయకండి.

తేయాకుకు ఐదు పడవు: వెలుతురు, గాలి, చెమ్మ, వేడి, పక్కవాళ్ల వాసన. చివరిది మనం పట్టించుకోం. హన్మకొండకు వచ్చిన మొదటి ఏడాది పావుకిలో డార్జిలింగ్ ఫస్ట్ ఫ్లష్‌ను, అంటే ఏడాదిలో మొదటి కోత ఆకును, వంటింటి అల్మారాలో, కొత్త ఆవకాయ జాడీల పైఅరలో పెట్టాను. నెల తర్వాత తీస్తే ఆవపిండి, వెల్లుల్లి. ఎన్నిసార్లు ఆరబెట్టినా పోలేదు. అంత మంచి ఆకు అలా పోయినందుకు ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది. కాబట్టి వంటింట్లో వద్దు. గట్టి మూత ఉన్న స్టీలు డబ్బా, పడకగదిలో బట్టల బీరువా కింది అర మేలు, డాంబరు గోలీలు లేకపోతేనే. గ్రీన్ టీని ఫ్రిజ్‌లో పెట్టాలంటే సీల్ తీయని ప్యాకెట్‌ను మాత్రమే పెట్టండి. బయటికి తీశాక పూర్తిగా గది వేడికి వచ్చేదాకా విప్పకండి, లేకపోతే గాలిలోని తేమ ఆకు మీద నీళ్లుగా కూర్చుంటుంది.

ప్రశ్న: కొనేటప్పుడు మోసపోకుండా ఏం చూడాలి? (ఓ టీచర్, ఆదిలాబాద్)

డబ్బా మీద ఏ ప్రాంతం, ఏ ఏడాది కోత అన్నది ఉండాలి. "ప్రీమియం", "డీటాక్స్" అని మాత్రమే రాసి ఉంటే వదిలేయండి. డార్జిలింగ్ అని రాసి ఉంటే టీ బోర్డు ముద్ర కోసం చూడండి. మన దేశంలో మొట్టమొదటి భౌగోళిక గుర్తింపు దక్కింది డార్జిలింగ్ తేయాకుకే. మొదటిసారి కొనేవాళ్లు చైనా, జపాన్ దాకా వెళ్లనక్కరలేదు. నీలగిరి గ్రీన్ టీ, హిమాచల్‌లోని కాంగ్రా గ్రీన్ టీ, డార్జిలింగ్ వైట్ టీ, ఈ మూడూ 50 గ్రాముల చొప్పున తెప్పించి పక్కపక్కన పెట్టి తాగండి. మీ నోటికి ఏది నచ్చుతుందో తెలిశాక మిగతావి.

వైట్ టీలో మొగ్గల మీద నూగు కళ్లకు కనబడాలి. వేలితో రాస్తే అంటుకోవాలి. ఒకసారి ఇంటర్నెట్‌లో ఒకచోట సిల్వర్ నీడిల్ అని కొంటే, వచ్చినవి పచ్చగా వేయించిన కొసలు. వాసనే పట్టిచ్చింది, పెనం మీద వేగిన వాసన. వైట్ టీకి అది రాకూడదు. తిప్పి పంపాను. ఇంకా అనుమానం ఉంటే తాగిన తర్వాత ఆకును తెల్ల పళ్లెంలో పరిచి చూడండి. ముక్కలు, పుల్లలు ఎన్ని, పూర్తి ఆకులు ఎన్ని అన్నది అక్కడ దాగదు. బై ముదాన్ అనే రకం వైట్ టీ అయితే ఒక మొగ్గ, దాన్ని అంటిపెట్టుకుని ఒకటో రెండో లేత ఆకులు ఉండాలి.

ప్రశ్న: ఒకసారి పెట్టిన ఆకును పారేయడమేనా? (ఓ పాఠకురాలు, భూపాలపల్లి)

ఒకసారికే పారేస్తే సగం రుచి పారేసినట్టు. గ్రీన్ టీ రెండు, మూడు సార్లు వస్తుంది. రెండోసారి అర నిమిషమే చాలు, ఎందుకంటే ఆకు అప్పటికే విచ్చుకుని ఉంటుంది. వైట్ టీ నాలుగుసార్లు కూడా ఇస్తుంది, ప్రతిసారీ రెండు నిమిషాలు పెంచండి. నాకు రెండో కప్పే ఎక్కువ ఇష్టం. ఎండాకాలంలో అయితే అర లీటరు చల్లటి నీళ్లలో 5 గ్రాముల కొత్త ఆకు వేసి రాత్రంతా ఫ్రిజ్‌లో పెట్టండి. చల్లటి నీళ్లలో చేదు, కెఫీన్ తక్కువ దిగుతాయి. రెంటినీ ఇలా పెట్టి పోల్చినప్పుడు మా మనవరాలు గ్రీన్ టీ వదిలేసి వైట్ టీ సీసా మొత్తం తాగేసింది.

జపాన్‌లో గ్యోకురో తాగాక మిగిలిన మెత్తటి ఆకును సోయా సాస్ చుక్కతో తినేస్తారు. అది చదివాక నేను సెంచా ఆకుతో చేసి చూశాను. మూడుసార్లు పెట్టిన ఆకును గట్టిగా పిండి, వేయించిన నువ్వుల పొడి, ఉప్పు, చిటికెడు కారం, రెండు చుక్కల నిమ్మరసం కలిపాను. వేడన్నంలో కొంచెం నెయ్యితో తింటే చింతచిగురుకు, గోంగూరకు మధ్యలో ఏదో కొత్త ఆకుకూరలా ఉంది. చిన్న లేత ఆకైతేనే చేయండి, గన్‌పౌడర్ ఆకు నమలడానికి గట్టిగా ఉంటుంది.